47వ పేజీ ఎక్కడుంది మేడమ్?

క్రితం సంచికలో చూపు లేని విద్యార్థుల చదువు గురించి ఒక ఉత్తరానికి జవాబిస్తూ "ఫోనూ ఇయర్‌ఫోన్లూ ఉంటే సగం పని అయిపోయినట్టే" అని రాశాను. ఆ ఒక్క ముక్కకి బాగానే అక్షింతలు పడ్డాయి. పడాల్సినవే. నాకూ చూపు లేదు, పాతికేళ్లుగా చూపు లేని పిల్లలకే పాఠాలు చెబుతున్నాను, అయినా తొందరలో రాస్తే ఇలాగే తగలడుతుంది. అందుకే ఈసారి వేరే విషయాల జోలికి పోకుండా శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. కొందరు పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. సోషల్ పుస్తకం మొత్తం నేనే చదివి ఫోన్‌లో రికార్డ్ చేశాను, పాఠానికొక ఫైలు, అన్నీ కలిపి పదకొండు గంటలు వచ్చింది. అందరూ పడుకున్నాక రోజూ కూర్చుంటే రెండు నెలలు పట్టింది మేడమ్. ఇప్పుడేమో అది వినడమే లేదు. అడిగితే "దొరకట్లేదమ్మా" అంటుంది. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, ఏం దొరకట్లేదు? బద్ధకమా?

జవాబు: బద్ధకం కాదమ్మా, ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మీ రెండు నెలల పని కూడా వృథా పోలేదు, అది చివర్లో చెబుతాను.

క్లాసులో టీచర్ "47వ పేజీ తీయండి, రెండో పేరా" అంటారు. పక్కనున్న పిల్ల గబగబా తిప్పి వేలు పెట్టేస్తుంది. మీ అమ్మాయి చేతిలో ఉన్నది యాభై నిమిషాల ఫైలు, అందులో 47వ పేజీ పన్నెండో నిమిషంలో ఉందో ముప్పయ్యో నిమిషంలో ఉందో ఎవరికి తెలుసు? కాస్త ముందుకి జరుపుతుంది, ఎక్కువ పోతుంది, వెనక్కి లాగుతుంది, ఇంకెక్కడో తేలుతుంది, ఈలోపు క్లాసు 48కి వెళ్లిపోతుంది. పరీక్షకి చదివేటప్పుడూ అంతే, ఒక్క నిర్వచనం కోసం పాఠమంతా మళ్లీ వినాలి. చూపున్నవాళ్లు మాత్రం పాఠ్యపుస్తకాన్ని మొదట్నుంచి చివరిదాకా వరసగా చదువుతారా? శీర్షికలు చూసుకుంటారు, అక్కర్లేని బాక్సు దాటేస్తారు, అర్థం కాని వాక్యం దగ్గరికి రెండుసార్లు వెనక్కొస్తారు. మీరు అమ్మాయికి పుస్తకంలోని మాటలన్నీ ఇచ్చారు, పేజీలు మాత్రం ఇవ్వలేదు. "దొరకట్లేదు" అంటున్నది వాటినే.

ఇది మీ పొరపాటేం కాదు, గొంతుని రికార్డ్ చేయడం మొదలైనప్పటి నుంచీ ఉన్న చిక్కు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారు చేసి, మరుసటి ఏడాది దాని ఉపయోగాలు ఒక్కొక్కటీ రాస్తే, అందులో చూపు లేనివాళ్లకి మాట్లాడే పుస్తకాలు అన్నది కూడా ఉంది. అది నిజంగా జరగడానికి ఇంకో యాభై ఏళ్లు దాటింది. బ్రిటన్‌లో మాట్లాడే పుస్తకాల సేవ 1935 నవంబరులో మొదలైంది, రికార్డుకి ఒక్కో వైపు దాదాపు 25 నిమిషాల చదువు, ఒక నవలకి పది రికార్డులదాకా పట్టేవి. నవలైతే పర్వాలేదు, వరసగానే వింటాం. పాఠ్యపుస్తకం దగ్గరే ఇబ్బంది. నేను చదువుకున్నది కేసెట్ల మీద. మాకు రికార్డ్ చేసి పెట్టేవాళ్లు ప్రతి అధ్యాయం మొదట్లో ఒక లోతైన శబ్దం పెట్టేవాళ్లు, మామూలుగా వింటే అది వినీ వినపడనట్టు ఉంటుంది, టేపుని ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పెడితే మాత్రం బీప్‌మని అరుస్తుంది. ఆ బీపులు లెక్కపెట్టుకుంటూ ఐదో అధ్యాయానికి చేరేదాన్ని. మధ్యలో ఎవరైనా పలకరించారా, లెక్క గోవిందా, మళ్లీ మొదటికి.

ఈ చిక్కు మీద పట్టుగా కూర్చున్నది స్వీడన్‌లోని మాట్లాడే పుస్తకాలు, బ్రెయిలీ పుస్తకాల గ్రంథాలయం వాళ్లు, 1980ల చివర్లో. తర్వాత 1996లో కొన్ని దేశాల గ్రంథాలయాలు కలిసి డైసీ కన్సార్షియం అని పెట్టుకున్నాయి. డైసీ పుస్తకంలో గొంతు ఒక్కటే ఉండదు, దానికి కట్టిపెట్టిన ఒక మ్యాపు ఉంటుంది. అధ్యాయం, అందులో విభాగం, దాని కింద ఉపవిభాగం, ఇలా ఆరు మెట్ల వరకు శీర్షికలు పెట్టుకోవచ్చు. ముద్రిత పుస్తకంలోని పేజీ నంబర్లు వేరుగా ఉంటాయి, 47 అని కొడితే సరిగ్గా 47 దగ్గర గొంతు మొదలవుతుంది. ఫుట్‌నోట్లూ బాక్సులూ వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ గుర్తు పెట్టుకోవచ్చు. అక్షరాలు కూడా లోపల ఉన్న పుస్తకమైతే ఒక మాట వెతికి పట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ పదకొండు గంటల సంగతి. డైసీ కన్సార్షియం వాళ్లదే ఓబీ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది, విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది. మీ ఫైళ్లు అందులోకి తెచ్చుకోండి, మీరు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా అది చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ముద్రిత పుస్తకం పక్కన పెట్టుకుని ఇది శీర్షిక, ఇక్కడ 47వ పేజీ మొదలు అని గుర్తులు పెట్టుకుంటూ పోవడమే. మళ్లీ చదవక్కర్లేదు. నాలుగైదు రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత చెయ్యి తిరుగుతుంది. తయారైన పుస్తకం ఒక ఫోల్డర్‌గా వస్తుంది, అందులో ఎంపీ3లతో పాటు ఏవేవో చిన్న చిన్న ఫైళ్లు బోలెడు ఉంటాయి. ఇక్కడ నూటికి తొంభైమంది చేసే తప్పు ఒకటుంది: "పాటల్లాంటివి ఇవే కదా" అని ఎంపీ3లు మాత్రం ఫోన్‌లోకి కాపీ చేసి మిగతావి చెత్త అనుకుని పడేస్తారు. ఆ చెత్తలోనే మ్యాపు ఉంది తల్లీ. ఫోల్డర్ ఫోల్డర్‌గా కాపీ చేయండి, లోపలి పేర్లు మార్చకండి, ఈజీరీడర్ లాంటి యాప్‌లో తెరవండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీనియర్లు తెలుగు నోట్స్ పీడీఎఫ్‌లు పంపారు. నా స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) ఇంగ్లిష్ పీడీఎఫ్‌లు చక్కగా చదువుతుంది, వీటిలో కొన్నింటిని తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ చదువుతోంది, కొన్నింటిలో అసలు ఏమీ లేదంటోంది. రీడర్ మార్చాలా?

జవాబు: రీడర్‌ది తప్పు కాదు నాయనా. నీ దగ్గర రెండు రకాల జబ్బులున్నాయి, మందులు వేరు.

పిచ్చి అక్షరాలు చదివేవి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి, అది వాడకంలోకి రాకముందు తెలుగు అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ చెల్లే సొంత సంఖ్య ఉండేది కాదు, అందుకని ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. కంటికి "క" కనిపిస్తుంది, లోపల ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. స్క్రీన్ రీడర్ బొమ్మ చూడదు, లోపలున్నదే చదువుతుంది, పాపం అది నిజమే చెబుతోంది. వీటికి ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఏ ఫాంటో తెలిస్తేనే పనిచేస్తాయి, పంపినవాళ్లని అదొక్కటి అడుగు. అసలు వర్డ్ ఫైలు దొరికితే ఇంకా మేలు.

ఏమీ లేదనేవి స్కాన్ చేసినవి, అంటే పేజీల ఫొటోలు. వాటికి ఓసీఆర్ చేయాలి, అంటే ఫొటోలోని అక్షరాలని కంప్యూటర్ గుర్తుపట్టి నిజమైన అక్షరాలుగా మార్చాలి. తెలుగుకి ఉచితంగా దొరికేవాటిలో టెసరాక్ట్ ఉంది, గూగుల్ డాక్స్‌లో పీడీఎఫ్‌ని తెరిచినా అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తెలుగులో ప, వ, స, ష ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి, మ, య కూడా, ఇక కింద వేలాడే ఒత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఓసీఆర్ చేసింది చేసినట్టు నమ్మొద్దు, చూపున్న స్నేహితుడెవరైనా ఒక్కసారి సరిచూస్తే బాగుంటుంది, కనీసం సంఖ్యలూ సంవత్సరాలూ మనుషుల పేర్లూ.

ఏ జబ్బో తెలుసుకోవడానికి చిట్కా: ఫైలులో తప్పకుండా ఉండే ఒక తెలుగు మాటని వెతుకు. దొరికితే మంచి ఫైలు. దొరకకపోతే కొంత కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడు. చెత్త వస్తే ఫాంటు, ఏమీ రాకపోతే ఫొటో.

ప్రశ్న: లెక్కల మాస్టారుని. నా క్లాసులో ఈ ఏడాది ఒక చూపు లేని అబ్బాయి చేరాడు. తెలివైనవాడు, నోటి లెక్కలు మెరుపులా చేస్తాడు. నేను సమస్యలు చదివి వినిపిస్తే మాత్రం తప్పులు చేస్తున్నాడు. లెక్కలు చెవితో చదివే సబ్జెక్టు కాదేమో అనిపిస్తోంది. వేరే సబ్జెక్టు తీసుకోమని చెప్పనా?

జవాబు: చెప్పకండి మాస్టారూ. ముందు ఒక చిన్న పరీక్ష. కళ్లు మూసుకుని ఇంకొకరితో ఇది చదివించుకోండి: "ఎనిమిది ప్లస్ నాలుగు బై రెండు." ఎంత? ఎనిమిదీ నాలుగూ పైన, రెండు కింద అనుకుంటే 6. నాలుగు బై రెండు మాత్రమే భిన్నం అనుకుంటే 10. మీరు బోర్డు చూస్తూ చదువుతారు కాబట్టి గీత ఎక్కడిదాకా ఉందో మీకు తెలుసు. అబ్బాయికి మీ నోట్లోంచి ఆ గీత రాలేదు. అతను తప్పు చేయలేదు, మీరు ఇవ్వని లెక్క చేశాడు. వర్గ సమీకరణం సూత్రం చదివేటప్పుడైతే ఇంకా ఘోరం, "రూట్ బి స్క్వేర్ మైనస్ నాలుగు ఎసి బై రెండు ఎ" అన్నప్పుడు ఆ రూటు ఎక్కడ ముగిసిందో దేవుడికే తెలియాలి.

కాబట్టి నోటితో చెప్పేటప్పుడు మొదలూ చివరా రెండూ చెప్పండి. "భిన్నం మొదలు, లవం ఎనిమిది ప్లస్ నాలుగు, హారం రెండు, భిన్నం పూర్తి." పొడుగ్గా అనిపిస్తుంది, వారంలో అలవాటైపోతుంది, చూపున్న పిల్లలు కూడా బ్రాకెట్ల తప్పులు తగ్గించుకుంటారు, నా అనుభవం ఇది.

రాసి ఇచ్చేటప్పుడు సమీకరణాన్ని బొమ్మగా అతికించొద్దు. స్క్రీన్ రీడర్‌కి అది "బొమ్మ", అంతే. మ్యాథ్‌ఎమ్‌ఎల్ అని ఒక పద్ధతి 1998 నుంచి ఉంది, అందులో ఏది పైన, ఏది కింద, ఏది రూటు లోపల అన్నది అక్షరాల్లోనే రాసి ఉంటుంది. మీరు వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్‌తో రాసి, వర్డ్‌టుఈపబ్ అనే ఉచిత సాధనంతో ఈపబ్ అనే ఈ-పుస్తకంగా మారిస్తే సమీకరణాలు ఆ రూపంలోకి వెళ్తాయి. అబ్బాయి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంటే, దానితో పాటు లెక్కలు చదివే మ్యాథ్‌క్యాట్ కూడా ఉంటే, సమీకరణం లోపలికి దిగి బాణం మీటలతో లవం దగ్గర ఒకసారి, హారం దగ్గర ఒకసారి ఆగి, కావలసినన్నిసార్లు తిరగొచ్చు. ఇక్కడ కూడా అంతే చూడండి, ఒక్కసారి గడగడా చదివేస్తే ఉపయోగం లేదు, లోపల తిరగగలిగితేనే లెక్క. అన్నట్టు ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టింది ఒక ఆస్ట్రేలియా కుర్రాడు, తర్వాత అతని స్నేహితుడు తోడయ్యాడు, ఇద్దరికీ చూపు లేదు, ప్రోగ్రామ్ ఉచితం.

చెవితో లెక్కలా అన్న మీ అనుమానానికి జవాబు: టి.వి. రామన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయనకీ చూపు లేదు, 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిందే దీని మీద. గణిత పత్రాలని గొంతు మార్పులతో విడమర్చి చదివే ప్రోగ్రామ్ రాశాడు, దానికి తన గైడ్ కుక్క పేరు, ఆస్టర్, పెట్టుకున్నాడు. అంతకు చాలా ముందే, 1952లో, చూపు లేని గణితవేత్త అబ్రహాం నెమెత్ లెక్కల కోసమే బ్రెయిలీలో ప్రత్యేకమైన లిపి తయారు చేశాడు. పెద్ద లెక్కలు చెవితో ఒక్కదానితో చేయమంటే కష్టమే, వేలి కింద ఉండాలి, ఆ అబ్బాయికి బ్రెయిలీ వచ్చో రాదో ముందు కనుక్కోండి. గ్రాఫులకీ రేఖాగణితానికీ ఉబ్బెత్తుగా గీసిన పటాలే గతి, మాటలతో చెప్పి లాభం లేదు.

ప్రశ్న: మీరు క్రితం నెల ఇయర్‌ఫోన్లు అని తేలిగ్గా రాసేశారు. నేను క్లాసులో రెండు చెవుల్లో పెట్టుకుంటే లెక్చరర్ చెప్పేది వినపడదు, పెట్టుకోకపోతే ఫోన్ చదివేది క్లాసంతా వింటుంది. ఏది చేయమంటారు?

జవాబు: తప్పు నాదే. ఒక్క చెవికే పెట్టుకోండి, ఫోన్ సెట్టింగ్స్‌లో శబ్దాన్ని మోనో చేసుకోండి, రెండు వైపుల శబ్దమూ ఆ ఒక్క చెవికే వస్తుంది. ఎముకల మీదుగా శబ్దం పంపే హెడ్‌ఫోన్లు కొందరికి బాగా నప్పుతాయి, చెవులు తెరిచే ఉంటాయి. అసలు క్లాసులో వాడటానికి అన్నిటికన్నా హాయి బ్రెయిలీ డిస్‌ప్లే, అంటే తెర మీది అక్షరాలని చుక్కలుగా వేలి కిందికి తెచ్చే పరికరం, చప్పుడే ఉండదు, ఖరీదే ఏడిపిస్తుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం ఏదీ వద్దు.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ వచ్చింది, ఫోన్‌తో పేజీని ఫొటో తీస్తే చదివేస్తోంది, బొమ్మలో ఏముందో కూడా చెబుతోంది. ఇంకా ఈ డైసీలూ ఈపబ్‌లూ అంటూ పాతకాలపు గోల ఎందుకు?

జవాబు: మీరు కాస్త కోపంగా రాశారు, నేను శాంతంగానే చెబుతాను. నేనూ వాడతాను. 1976లో కర్జ్‌వైల్ రీడింగ్ మెషీన్ వచ్చినప్పుడు పేజీని చదివి వినిపించడానికి బల్లంత యంత్రం కావాల్సి వచ్చింది, ఇవాళ అది జేబులో ఉంది. బోర్డు మీది నోటీసు, మందు సీసా, ఎవరో ఇచ్చిన కాగితం, వీటికి దాన్ని మించింది లేదు. సీయింగ్ ఏఐ, లుకౌట్, బీ మై ఐస్, ఈ యాప్‌లన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి.

పాఠ్యపుస్తకం దగ్గరికొస్తే నాకు భయం. ఓసీఆర్ తప్పు చేస్తే చాలావరకు తెలిసిపోతుంది, మాట అడ్డదిడ్డంగా వస్తుంది, అనుమానం వస్తుంది, ఆగి చూసుకుంటాం. ఏఐ తప్పు చేస్తే చక్కటి భాషలో, ఏ తడబాటూ లేకుండా చేస్తుంది. చిరిగిన చోట ఏముందో ఊహించి పూర్తి చేసేస్తుంది, గ్రాఫులో లేని అంకె చెబుతుంది, ఆ గొంతులో ఎక్కడా "నాకు తెలియదు" అన్న ఛాయ ఉండదు. చూపున్నవాడు పేజీ వైపు ఒక్క చూపు వేసి పోల్చుకుంటాడు. పిల్లవాడికి ఆ వీలు లేదు. అందుకని బొమ్మ వర్ణనకి ఏఐతో మొదటి ముసాయిదా రాయించి, టీచర్ దిద్ది ఇవ్వడం అయితే నాకు అభ్యంతరం లేదు. ఇంకొకటి, రెండొందల పేజీల పుస్తకాన్ని రోజూ ఫొటోలు తీసుకుంటూ కూర్చోవడం చదువు కాదు, కూలి పని.

ప్రశ్న: మా మనవడికి బ్రెయిలీ నేర్పాలా వద్దా అని ఇంట్లో వాదన. కంప్యూటరే అన్నీ చదివేస్తోంది, ఇంక చుక్కలెందుకు అంటాడు మా అబ్బాయి.

జవాబు: నేర్పించండి పెద్దాయనా. చిన్నవాడైతే మరీ తప్పకుండా. వినడం వేరు, చదవడం వేరు, వింటూ పెరిగిన పిల్లలకి అక్షరం ఎలా ఉంటుందో తెలియదు. నా దగ్గరికి వచ్చిన ఒక తెలివైన అమ్మాయి "విశేషం" అన్న మాటని "విషేశం" అని టైపు చేసింది, ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటుంది, ఒక్కసారీ వేలితో తాకలేదు. శ, ష, స తేడాలు, న, ణ తేడాలు, ల, ళ తేడాలు కంప్యూటర్ గొంతులో కొంచెమే తెలుస్తాయి, వేగం పెంచితే అదీ పోతుంది. ఇక ఇంగ్లిష్ స్పెల్లింగుల గురించి వేరే చెప్పాలా? తెలుగు బ్రెయిలీలో ఇంకో సుఖం ఉంది, గుణింతానికి వేరే గుర్తులు లేవు, "కి" అంటే క పక్కన ఇ రాయడమే, మాట ఎలా కట్టారో పిల్లవాడికి వేలి కింద విడివిడిగా తగులుతుంది.

లూయీ బ్రెయిలీ ఈ లిపిని తయారు చేసినప్పుడు పదిహేనేళ్లవాడు, 1824లో. ఆరు చుక్కలు, వాటితో 63 గుర్తులు. అదే లిపి ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించే డిస్‌ప్లేల మీద కూడా నడుస్తోంది, చిన్న పిన్నులు పైకి లేచి కిందికి దిగుతూ వరస మారుతుంది, ఆ పిన్నులని కదిపే పద్ధతి ఖరీదైనది కాబట్టి పరికరమూ ఖరీదే. దానికోసం ఆగొద్దు. కాగితం మీద మొదలుపెట్టించండి. మీ అబ్బాయికి ఇలా చెప్పండి, చూపున్న పిల్లలకి టీవీ అన్నీ చెబుతోంది కదా అని అక్షరాలు మానేశామా?

ప్రశ్న: మా తమ్ముడు పుస్తకాలని రెండింతల వేగంతో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువతో వింటున్నాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాదు. అతనికి నిజంగా అర్థమవుతోందా, లేక నటిస్తున్నాడా? అందులోనూ ఆ రోబో గొంతు!

జవాబు: అర్థమవుతోందమ్మా. మామూలుగా మాట్లాడే వేగం నిమిషానికి 150 మాటలు అనుకుంటే, అలవాటున్నవాళ్లు దానికి రెట్టింపు, ఇంకా పైన కూడా వింటారు. మీరు కళ్లతో పేరా మీదుగా జారిపోవడం లాంటిదే ఇది. రోబో గొంతుని తిట్టకండి, వేగంలో అదే స్పష్టంగా ఉంటుంది, సహజంగా వినిపించే తీయని గొంతులు వేగం పెంచితే ముద్దముద్దగా అయిపోతాయి. నేను కథలకి మనిషి గొంతు, చరిత్ర నోట్సుకి రోబో వాడతాను. చెవికి ముప్పు వేగంతో కాదు, శబ్దం ఎక్కువ పెట్టుకుంటేనే, అది మాత్రం చూడండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను, గొంతు బాగుంటుందని అందరూ అంటారు. నాటకాల్లో వేసిన అనుభవం ఉంది. విద్యార్థులకి పుస్తకాలు చదివి రికార్డ్ చేయాలని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: చాలా సంతోషం మాస్టారూ. మొట్టమొదటి జాగ్రత్త, నాటకం వద్దు. కోప్పడకండి. భౌతికశాస్త్రం పుస్తకాన్ని ఏకపాత్రాభినయంలా చదివినాయన కేసెట్టు నా దగ్గర ఉండేది, న్యూటన్ మూడో నియమం వచ్చేసరికి ఆయన గొంతు గద్గదమైపోయేది, నాకేమో నవ్వు ఆగేది కాదు, నియమం మాత్రం బుర్రకెక్కలేదు. సమంగా, స్పష్టంగా, కామాల దగ్గర కొంచెం, పేరాల దగ్గర ఇంకొంచెం ఆగి చదవండి. వేగం విద్యార్థి పెంచుకుంటాడు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, మీకు తప్పనిపించినా దిద్దకూడదు, మీ అభిప్రాయం కలపకూడదు. కొత్త పేరో సాంకేతిక పదమో వస్తే మొదటిసారి స్పెల్లింగ్ చెప్పండి, తర్వాత అక్కర్లేదు. పట్టిక వస్తే ముందు ఎన్ని వరసలు, ఎన్ని నిలువు గడులు, వాటి శీర్షికలేమిటో చెప్పి, ఆ తర్వాత ఒక్కో వరస చదవండి, ప్రతి అంకెకీ అది ఏ శీర్షిక కిందిదో చెప్పండి. విసుగే, కానీ "12, 18, 9, 22" అని గడగడా చదివేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బొమ్మ దగ్గర ముందు దాని కింద రాసింది చదివి, పాఠానికి పనికొచ్చేది మాత్రం చెప్పండి. గుండె బొమ్మ అయితే ఏ గది నుంచి ఏ గదికి రక్తం పోతుందో చెప్పాలి, ఎరుపు నీలం రంగులు అందంగా ఉన్నాయని కాదు. ఫుట్‌నోట్ వచ్చినప్పుడు వాక్యం మధ్యలో దూరొద్దు, వాక్యం అయ్యాక చదివి, మళ్లీ పాఠంలోకి వస్తున్నట్టు చెప్పండి.

ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. తప్పు చదివితే ఆ వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ చదవండి. ఇంకొక మాట, ఒక్కరే మొదలుపెట్టకుండా ఏదైనా మాట్లాడే పుస్తకాల గ్రంథాలయాన్ని కలవండి, లేకపోతే ఎవరో ఇప్పటికే చదివిన పుస్తకాన్నే మీరూ చదువుతూ కూర్చుంటారు. పై మొదటి ఉత్తరంలో ఆ తల్లి పడ్డ ఇబ్బంది చదివారుగా, ఓబీలో నేరుగా రికార్డ్ చేస్తే పేజీ గుర్తులు అప్పటికప్పుడే పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఇలా చదివి పెట్టడం, టైపు చేసి ఇవ్వడం కాపీరైట్ నేరం కాదా?

జవాబు: దీనికోసమే మరకేష్ ఒప్పందం ఉంది. 2013 జూన్ 27న కుదిరింది, 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లో ఉంది. చూపు లేనివాళ్లు, చూపు తక్కువున్నవాళ్లు, ఇతర కారణాల వల్ల ముద్రిత అక్షరం చదవలేనివాళ్లు, పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేనివాళ్లు కూడా, వీళ్ల కోసం రచయిత అనుమతి లేకుండానే చదువుకోగల రూపంలోకి మార్చుకోవచ్చు, లాభం కోసం కాని సంస్థలు ఒప్పందంలో చేరిన దేశాల మధ్య అలాంటి ప్రతులు ఇచ్చిపుచ్చుకోవచ్చు. వివరాలు ఏ దేశానికి ఆ దేశం చట్టంలో ఉంటాయి. మీరు ముఖ్యంగా చేయకూడనిది, ఆ పుస్తకాన్ని అందరూ దింపుకునేలా ఎక్కడో పెట్టేయడం. దానివల్ల దెబ్బతినేది చివరికి ఈ పిల్లలే.

ప్రశ్న: నాకు చూపు పూర్తిగా పోలేదు, పెద్ద అక్షరాలైతే చదవగలను. అందరూ ఆడియో వినమంటున్నారు, నాకు చదవడమే ఇష్టం. పీడీఎఫ్‌ని పెద్దది చేస్తే ఒక్కో వాక్యానికి అటూ ఇటూ జరుపుకోవాల్సి వస్తోంది.

జవాబు: చదవగలిగినంత కాలం చదువుకో తల్లీ, ఎవరి మాటా వినకు. పీడీఎఫ్ పేజీ బిగుసుకుపోయి ఉంటుంది, ఈపబ్ అలా కాదు, అక్షరం పెంచితే వాక్యం స్క్రీన్ వెడల్పులోనే సర్దుకుంటుంది. థోరియం రీడర్ అని కంప్యూటర్‌కి ఉచితంగా దొరుకుతుంది, అందులో అక్షరం సైజుతో పాటు వరసల మధ్య ఖాళీ కూడా పెంచు, తెలుగులో పై గుడులూ కింది ఒత్తులూ పక్క వరసతో కలిసిపోకుండా ఉంటాయి. తెల్ల పేజీ కళ్లలో పొడుస్తుంటే నల్ల నేపథ్యం పెట్టుకో. అలసిపోయినప్పుడు గొంతుని తోడు తెచ్చుకోవచ్చు, ఈపబ్‌లోనూ డైసీలోనూ చదువుతున్న వాక్యం మీద రంగు పడుతూ గొంతు నడిచే ఏర్పాటు ఉంది. కళ్లూ చెవులూ రెండూ వాడటంలో మోసమేం లేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి. ఆంటీ, నేను రాత్రి పాఠం వింటూ నిద్రపోతాను. పొద్దున లేచేసరికి పుస్తకం అయిపోయి ఉంటుంది. ఎక్కడిదాకా విన్నానో తెలీదు. అమ్మ కూర్చుని వినమంటోంది.

జవాబు: అమ్మ చెప్పింది నిజమే, అది ఎలాగూ నువ్వు చేయవు. కాబట్టి ప్లేయర్‌లో స్లీప్ టైమర్ అని ఉంటుంది చూడు, పదిహేను నిమిషాలు పెట్టుకో, దానంతటదే ఆగిపోతుంది. పొద్దున తెరిస్తే ఆగిన చోటే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి రెండు శీర్షికలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టు, ఎందుకంటే ఆ చివరి పది నిమిషాలు నువ్వు వినలేదు, నిద్రలో ఊఁ కొట్టావంతే. నేనూ ఇప్పటికీ అదే చేస్తాను.